సవక కట్టెల లెక్క

రెండొందల పద్నాలుగు సవక కట్టెలు.
కొబ్బరి తాడు పదకొండు కట్టలు.
నోటుపుస్తకంలో ఆ పేజీకి మాత్రం
అడ్డగీత గీయలేదింకా.

కొర్లగుంటలో నాది షామియానా అంగడి.
గంగమ్మ జాతరకి వరుసలు, పెండ్లికి పందిరి, చావుకి నీడ,
ఏది జరిగినా ముందు గుంత తవ్వేది మా గడ్డపారే.
ఆ యేడు జాతర లేదు, పెండ్లి లేదు,
చావుకి కూడా నీడ అక్కర్లేకపోయింది.
కొండకి పోయే బస్సులు డిపోలో నిలబడి
టైర్లలో గాలి పోగొట్టుకుంటా ఉండాయి.

అప్పుడొచ్చినాడు శానిటరీ ఇన్‌స్పెక్టరు జయచంద్ర,
మూతికి రెండు మాస్కులు, చేతిలో జీవో కాగితం.
"అన్నా, పద్దెనిమిది వీధులు మూసెయ్యాల
రేపు తెల్లారేలోగా."
ఎన్ని దినాలకి సార్ బాడిగ?
"పైనించి చెప్పేదాకా."
ఏ పైన అని అడగలేదు నేను.
తిరపతిలో ఆ మాటకి రెండర్థాలుండాయి.

కట్టినాం, నేనూ కరీముల్లా.
బ్లీచింగు గీతల మింద గుంతలు తవ్వి
అడ్డకట్టెకి మూడు చుట్లు, నిలువుకి రెండు.
జాతరలో ఊరంతా తోసినా కదలని ముడి,
మా నాయన నేర్పించిన ముడి.
పద్దెనిమిదో వీధి మాదే.
"లెక్కకి నువ్వు లోపలోడివా బయటోడివా అన్నా?" అని
అవతల నిలబడి నవ్వినాడు కరీముల్లా.
ఆ దినం నాకూ నవ్వొచ్చింది.

అంతా అబద్ధమని నేననను.
వాలంటీరు పిల్ల దేవసేన, డిగ్రీ సగంలో ఆపిన పిల్ల,
బియ్యం మూట నడుం మీద పెట్టుకుని
కట్టెల కింద దూరి వచ్చేది.
కందిపప్పు తూకం తగ్గితే
తానే దొంగిలించినట్టు తల వంచుకునేది.
నర్సమ్మ విజయమ్మ ఇంటింటికీ తిరిగి
నుదుటికి తుపాకి మాదిరిది పెట్టి అంకె రాసుకునేది,
ఆ అంకెలు యాడికి పోతాయో ఆమెకీ తెలీదు.
సాయంత్రం టీవీలో జిల్లాకొక అంకె వచ్చేది.
అందులో మా వీధివాళ్ళెందరో
వేళ్ళు మడిచి చూసుకునేవాళ్ళం.

ఒకరాత్రి ఒంటిగంటకి ఎదురింటి మునెమ్మకి ఊపిరాడలేదు.
నూట ఎనిమిది వచ్చి అవతల నిలబడింది,
నీలం లైటు మా గోడల మింద తిరగతా ఉండాది.
ముడి విప్పబోయినాను.
నా ముడి.
వానకి తడిసి, ఎండకి బిగిసి, రాయైపోయి ఉండాది.
గోళ్ళతో, పండ్లతో,
ఆఖరికి కూరలు తరిగే కత్తితో.
ఎంతసేపయిందో డ్రైవరు చెప్పలేదు.
నేనూ అడగలేదు.

మునెమ్మ తిరిగొచ్చింది, పదహారు దినాలకి.
యాత్రికుల సత్రంలో మంచమేసినారంట,
గుడ్డంట, చిక్కీ అంట, రాగిజావంట.
"యాభై ఏండ్లుగా ఈ ఊర్లో ఉండి
ఆ సత్రం లోపల ఇప్పుడే చూస్తిని" అని
వీధంతా చెప్పుకునింది.

తిరిగిరానిది జయచంద్ర.

బిల్లు తీసుకుని కార్పొరేషనుకి పోతే
కొత్త సారు కాగితం అటూ ఇటూ తిప్పి
"వర్కార్డరు ఎవరిచ్చినారు?" అన్నాడు.
చెప్పినాను.
"నోటిమాటా?"
నోటిమాటే సార్. రెండు మాస్కుల వెనకనించి.
"ఆయన సంతకం ఉండాలే."
గోడ మింద ఫోటో ఉండాది, దండ ఎండిపోయి,
కింద పోస్టు పేరు, తేదీ.
అటు ఇద్దరమూ చూడలేదు.

మూడుసార్లు పోయినాను. నాలుగోసారి
గేటుదాకా పోయి, టీ తాగి వచ్చేసినాను.
బాకీ గవర్నమెంటుదో, జయచంద్రదో,
ఎవరి పేరు కింద రాసుకోవాలో తెలీక
పేజీ అట్లే ఉండాది.

కట్టెలు నూట తొంభై తిరిగొచ్చినాయి.
మిగతావి ఎవరో పొయ్యిలో పెట్టుకుని ఉంటారు, పోనీ.
కొన్నిటి మింద ఎర్రరంగు నంబర్లింకా పోలేదు,
పెండ్లి పందిట్లో గోడ వైపుకి తిప్పి పాతతాం.

మళ్ళా జాతరొచ్చింది.
ముడి మాత్రం మార్చినాను.
ఒక కొస లాగితే ఊడొచ్చే జారుముడి.
"గాలొస్తే నిలబడదు కదన్నా" అంటాడు కరీముల్లా.
ఊడనీలేరా.